మంచె ఎక్కే ముందు ఒక్క మాట

పంట చేతికొచ్చే రోజులంటే మన పల్లెల్లో కాపలా రోజులు. జొన్న పాలు పోసుకునేటప్పుడు పగలంతా పిట్టల బెడద. మొక్కజొన్న కండె గట్టిపడేటప్పుడు కోతులు. వేరుశనగ కాయ ఊరే వేళకు రాత్రిపూట అడవి పందుల మందలు. నెలల తరబడి పడ్డ కష్టం ఒక్క రాత్రిలో మట్టిపాలు కాకూడదని ఇంట్లో ఎవరో ఒకరు అన్నం తిని, దుప్పటి భుజాన వేసుకుని, టార్చిలైటు పట్టుకుని చేనికి బయలుదేరుతారు. అక్కడ వారి కోసం ఒక మంచె ఉంటుంది. నాలుగు గుంజలు పాతి, పైన వాసాలు పరిచి, తడిక వేసి కట్టుకున్నదో, లేక గట్టు మీది వేపచెట్టు కొమ్మల మధ్య నాలుగు కర్రలు కట్టుకున్నదో.

ఈ కాపలా రోజుల్లోనే మా ఆసుపత్రి ఎముకల వార్డులో ఒక మాట తరచుగా వినిపిస్తుంది. "మంచె మీద నుంచి పడ్డాడండీ." చెప్పేవారు మామూలుగానే చెబుతారు. ఎత్తు ఎంత అని అడిగితే, "ఎంతో లేదండీ, నిలువున్నర ఉంటుందేమో" అంటారు. కానీ ఆ నిలువున్నర ఎత్తే కొన్ని ఇళ్లలో సంపాదించే మనిషిని జీవితాంతం మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితం చేస్తుంది. అందుకే ఈ సంచికలో మంచె గురించి నాలుగు మాటలు చెప్పుకుందామని అనుకున్నాము.

మంచె చెడ్డది కాదు

మొదటే ఒక సంగతి చెప్పాలి. మంచె ఎక్కవద్దని మేము చెప్పడం లేదు. పెద్దవాళ్లు ఊరికే మంచె కట్టుకోలేదు. పైనుంచి చూస్తే చేను నాలుగు మూలలా కనిపిస్తుంది. వడిసెల తిప్పి రాయి విసరాలన్నా, డబ్బా కొట్టి కేక వేయాలన్నా ఎత్తు మీద ఉంటేనే వీలు. రాత్రి చేలో నేల మీద పడుకున్నవారిని కట్లపాము కాటేస్తుంది. ఆ కాటుకు పెద్దగా నొప్పి ఉండదు, వాపు ఉండదు. నిద్రలో కాటు పడిన సంగతి తెలియకుండానే తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోయి, ఊపిరి అందని స్థితికి వచ్చినవారు ఉంటారు. నేలకు ఎత్తుగా పడుకోవడం ఆ ప్రమాదాన్ని బాగా తగ్గిస్తుంది.

పందుల కోసమని చేను చుట్టూ కరెంటు తీగ లాగేవారితో పోల్చినా మంచె మీద కాపలా వెయ్యి రెట్లు మేలు. ఆ తీగకు పంది కంటే ముందు పక్క పొలం రైతో, పశువుల కోసం వచ్చిన పిల్లవాడో బలైన సంగతులు మనం పత్రికల్లో చదువుతూనే ఉన్నాము. అది చట్టరీత్యా కూడా నేరం. కాబట్టి కాపలా కాయండి, మంచె మీదే కాయండి. కానీ ఎక్కినవారు ఎక్కినట్టే దిగి ఇంటికి రావాలి. మా తాపత్రయమంతా అందుకే.

"ఎత్తు తక్కువే కదా?"

పది అడుగుల ఎత్తు నుంచి మనిషి జారితే నేలను తాకడానికి సెకను కూడా పట్టదు. అంతలో ఆ మనిషి వేగం గంటకు సుమారు 28 కిలోమీటర్లకు చేరుతుంది. పదిహేను అడుగులైతే సుమారు 34 కిలోమీటర్లు. ఆ వేగంతో వెళ్తున్న మోటారు సైకిలు మీద నుంచి గట్టు మీదికి ఎగిరిపడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మంచె మీద నుంచి పడటం కూడా అలాంటిదే. చెయ్యి చాచి ఏదైనా పట్టుకుందామనుకునేంత వ్యవధి కూడా ఉండదు. నిద్రమత్తులో ఉన్నవారికైతే పడుతున్నామని తెలిసేసరికే పడిపోయి ఉంటారు.

దానికితోడు మంచె కింద ఏముంటుందో ఒకసారి చూడండి. కోసిన కంది మోళ్లు, పాతగా మిగిలిపోయిన గుంజల మొదళ్లు, పొయ్యి పెట్టుకున్న రాళ్లు, పడేసిన కొడవలి. మెత్తని దుక్కి మీద పడితే విరగని ఎముక వీటి మీద పడితే విరుగుతుంది.

మంచె ఎందుకు కూలుతుంది?

ఇంట్లో కట్టుకున్న మంచె ఒక్కసారిగా కూలినట్టు కనిపిస్తుంది కానీ, అది నెలల తరబడి లోలోపల పాడవుతూ వస్తుంది. వానకు తడిసి, ఎండకు ఎండి, నేలకు ఆనుకున్న చోట గుంజ మెత్తబడుతుంది. చెదలు కూడా అక్కడే పడతాయి. పైకి గట్టిగా కనిపించే గుంజ మట్టిలోపల జానెడు మేర పిండి అయిపోయి ఉండవచ్చు. వెదురైతే పుచ్చు పురుగు తొలుస్తుంది. గడ కింద పసుపు పచ్చని పొడి రాలి ఉంటే ఆ గడ పని అయిపోయిందని అర్థం.

కట్ల సంగతి కూడా అంతే. పచ్చి కర్రను బిగించి కడతాము. అది ఎండేకొద్దీ సన్నబడి కట్టు వదులవుతుంది. ప్లాస్టిక్ తాడు ఎండకు పెళుసెక్కి, ఒకరోజు పుటుక్కున తెగుతుంది. ఇనుప బైండింగు తీగ తుప్పు పడుతుంది. నిరుటి తాడు మీద ఈ ఏడు బరువు వేయడమంటే ప్రాణాన్ని దారానికి వేలాడదీయడమే.

చెట్టు మీది మంచెలకు ఇంకో చిక్కు ఉంది. చెట్టు ప్రాణమున్నది, గాలికి ఊగుతుంది, ఏటేటా లావెక్కుతుంది. రెండు కొమ్మలకు కలిపి బిగించిన కర్ర, గాలి వీచినప్పుడల్లా రెండు వైపులా లాగబడుతుంది. మేకు కొట్టిన చోట తేమ చేరి కొయ్య కుళ్లుతుంది. చెట్టు పెరుగుతుంది, మేకు పెరగదు. అందుకే కొన్నేళ్లకు పలక మేకు నుంచి ఊడి వస్తుంది. మునగ, సుబాబుల్ వంటి పెళుసు చెట్ల కొమ్మలు ముందుగా ఏ చప్పుడూ లేకుండానే విరుగుతాయి.

అమెరికా వేటగాళ్లు నేర్చుకున్న పాఠం

ఈ ప్రమాదాల గురించి ఎక్కువగా పరిశీలించి రాసింది అమెరికా వైద్యులు. అక్కడ శరదృతువులో తెల్లతోక జింకల వేటకు ప్రభుత్వమే అనుమతి పత్రాలు ఇస్తుంది. వేటగాళ్లు చెట్టు మీద మంచె కట్టుకుని, జింక అటుగా వచ్చేదాకా గంటల తరబడి కదలకుండా కూర్చుంటారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జింకల వేటను నిషేధించింది. అక్కడ జింకను కొట్టడానికి మంచె ఎక్కితే, ఇక్కడ జింక నుంచి, పంది నుంచి పంటను కాపాడుకోవడానికి ఎక్కుతాము. ఉద్దేశం వేరైనా, పడితే విరిగే ఎముకలు ఒకటే.

ఒకప్పుడు అక్కడ కూడా మంచెలన్నీ ఇంటి తయారీవే. పాత పలకలు చెట్టుకు మేకులతో కొట్టి, అవే మేకులతో చిన్న చిన్న కర్రముక్కలు కాండం మీద కొట్టి మెట్లుగా వాడేవారు. తండ్రి కొట్టిన పలకల మీదికి పదేళ్ల తరువాత కొడుకు ఎక్కేవాడు. జార్జియా రాష్ట్రంలో 1979 నుంచి 1989 దాకా జరిగిన జింకల వేట ప్రమాదాలను అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 1989లో ప్రకటించింది. నమోదైన గాయాలలో మూడో వంతుకు పైగా చెట్టు మంచెలకు సంబంధించినవే. వేట అంటే తుపాకీ గుండు భయమే అందరికీ గుర్తొస్తుంది. కానీ కాళ్ల కింది పలకను కూడా అంతే అనుమానంతో చూడాలని ఆ లెక్కలు తెలిపాయి.

ఆ తరువాత అక్కడ క్రమంగా మార్పు వచ్చింది. పరీక్షించిన లోహపు మంచెలు వచ్చాయి. వాటితో పాటు భుజాలకు, ఛాతీకి, తొడలకు పట్టీలు ఉండే ఒంటినిండా తొడుక్కునే రక్షణ పట్టీని ఇవ్వడం మొదలుపెట్టారు. అంతకు ముందు నడుముకు ఒక్క బెల్టు కట్టుకునేవారు. పడినప్పుడు ఆ బెల్టు ఛాతీ మీదికి జారి ఊపిరి ఆడకుండా చేసిన సంఘటనలు జరిగాయి. అందుకే ఇప్పుడు నడుము బెల్టు ఒక్కటే వాడవద్దని గట్టిగా చెబుతున్నారు. నేల మీద నుంచి కాలు ఎత్తినప్పటి నుంచి తిరిగి నేల మీద కాలు పెట్టేవరకు పట్టీ తగిలించే ఉండాలన్నది వారి నియమం. ఎందుకంటే కూర్చున్నప్పటి కంటే ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, నిచ్చెన మీద నుంచి మంచె మీదికి కాలు మార్చేటప్పుడే ఎక్కువమంది పడుతున్నారు.

ఇంకొక నియమం కూడా మనకు పనికొస్తుంది. తుపాకీని చేత పట్టుకుని చెట్టు ఎక్కరు. గుళ్లు తీసేసి, కింద తాడుకు కట్టి, పైకి ఎక్కిన తరువాత లాక్కుంటారు. మనం టార్చి, కర్ర, నీళ్ల సీసా, దుప్పటి అన్నీ చంకన పెట్టుకుని ఒక్క చేత్తో ఎక్కుతాము. కొడవలి మొలలో దోపుకుని ఎక్కేవారూ ఉన్నారు. ఒక చేంతాడు, ఒక సంచి ఉంటే ఈ ప్రమాదం తప్పుతుంది.

మన దగ్గర కూడా ఈ ఆలోచన వచ్చింది. తాటిచెట్లు ఎక్కే గీత కార్మికుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో 'కాటమయ్య రక్షక కవచం' పేరిట రక్షణ సామగ్రి ఇవ్వడం ప్రారంభించింది. తరతరాలుగా చెట్టెక్కే చేయి తిరిగిన వారికే రక్షణ కావాలంటే, ఏడాదికి నెల రోజులు మంచె ఎక్కే మనకు ఇంకెంత కావాలి?

మనిషి ఎందుకు పడతాడు?

మంచె గట్టిగానే ఉన్నా మనిషి పడిపోవచ్చు. మా దగ్గరికి వచ్చినవారు చెప్పే కారణాలు దాదాపు ఇవే.

నిద్రలో దొర్లడం. ఇంట్లో మంచం మీద దొర్లితే రెండడుగులు. చుట్టూ అడ్డకర్ర లేని మంచె మీద దొర్లితే పన్నెండు అడుగులు.

అర్ధరాత్రి మూత్రానికి దిగడం. కళ్లు సగం మూసుకుని, చీకట్లో నిచ్చెన కోసం కాలితో వెతుకుతూ దిగుతారు. తెల్లవారుజామున మంచుకు కర్రలు తడిసి జారుతుంటాయి.

అలికిడి వినగానే గబుక్కున లేవడం. పంది వచ్చిందని ఉలిక్కిపడి లేచినవారు మంచె అంచు ఎక్కడుందో చూసుకోరు. రక్తపోటు మందులు వాడేవారికి పడుకున్నవారు ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి.

కల్లు, సారా. చలికి వెచ్చగా ఉంటుందని కొంచెం తాగి ఎక్కేవారు ఉన్నారు. మత్తులో ఉన్నవారికి నేల మీదే కాలు నిలవదు, మంచె మీద ఎలా నిలుస్తుంది? జలుబుకు, దురదకు, నిద్రకు వాడే మాత్రలలో కొన్ని కూడా మత్తు కలిగిస్తాయి. అవి వేసుకున్న రాత్రి కాపలా వేరొకరికి అప్పగించండి. మూర్ఛ వ్యాధి ఉన్నవారు, ఇన్సులిన్ తీసుకుంటూ చక్కెర తగ్గి కళ్లు తిరిగే అలవాటున్నవారు మంచె ఎక్కనే వద్దు.

పిల్లల ఆటలు. పగలు ఖాళీగా ఉన్న మంచె పిల్లలకు ఆటస్థలం. కాపలా అయిపోయాక నిచ్చెన తీసి ఇంటికి తెచ్చేయండి.

వీటికి తోడు పిడుగు. చదునైన చేలో అన్నిటికంటే ఎత్తుగా ఉండేది మంచె, దాని పక్కనున్న చెట్టు. ఉరుము వినగానే దిగి, చెట్టు కిందికి కాకుండా పక్కా కట్టడంలోకి వెళ్లండి. పిడుగు హెచ్చరికల కోసం పుణె వాతావరణ పరిశోధన సంస్థ తయారు చేసిన 'దామిని' యాప్‌ను పిల్లల చేత ఫోన్లో పెట్టించుకోవచ్చు.

పడితే ఒంట్లో ఏమవుతుంది?

కాళ్ల మీద పడినవారికి ముందుగా మడమ ఎముక చితుకుతుంది. ఆ దెబ్బ అక్కడితో ఆగదు. పిక్కల నుంచి తొడల గుండా నడుము దాకా పాకుతుంది. మడమ ఎముక విరిగిన వారిలో సుమారు పదిమందిలో ఒకరికి నడుములో వెన్నుపూస కూడా విరిగి ఉంటుంది. కాలి నొప్పి ఎక్కువగా ఉండటంతో నడుము నొప్పి సంగతి రోగి చెప్పడు. అందుకే పైనుంచి పడి మడమ విరిగిందని వచ్చినవారికి మేము నడుము ఎక్స్‌రే కూడా తీస్తాము. "కాలికి దెబ్బ తగిలితే నడుముకు ఎక్స్‌రే ఎందుకండీ, డబ్బు కోసమా?" అని కొందరు అడుగుతారు. కారణం ఇదే.

పిరుదుల మీద పడినవారికి కూడా అదే చోట దెబ్బ తగులుతుంది. మన వీపు పై భాగం పక్కటెముకలతో బిగించిన బుట్టలాంటిది, పెద్దగా వంగదు. కింద నడుము భాగం బాగా వంగుతుంది. బిగుసుకున్న భాగం, వంగే భాగం కలిసే చోటే బరువంతా పడి వెన్నుపూస నలిగిపోతుంది. వెన్నుపూసల మధ్యలోని సన్నని గొట్టంలో వెన్నుపాము ఉంటుంది. మెదడు నుంచి కాళ్లకు, మూత్రాశయానికి, పేగులకు కబురు తీసుకుపోయే తీగల కట్ట అది. విరిగిన ఎముక ముక్క ఆ కట్టను నొక్కితే నడుము నుంచి కింద కదలిక, స్పర్శ పోతాయి. మూత్రం మీద అదుపు కూడా పోతుంది. మన దేశంలో వెన్నుపాము దెబ్బతినడానికి రోడ్డు ప్రమాదాలతో పాటు ఎత్తు నుంచి పడటమే ప్రధాన కారణం.

పొట్ట మీద, పక్క మీద పడినవారికి లోపల రక్తస్రావం కావచ్చు. ఎడమ పక్కటెముకల కింద ప్లీహం చిట్లితే మొదట మామూలుగా కనిపించిన మనిషి కొన్ని గంటల తరువాత పాలిపోయి, చల్లని చెమటలు పట్టి కూలబడతాడు. "దెబ్బ ఏం లేదు, నడిచే ఇంటికి వచ్చాడు" అన్న ధీమా పనికిరాదు.

మొదటి అరగంట

మేము ఎక్కువగా బాధపడేది ఇక్కడే. పడిన దెబ్బతో ఎముక మాత్రమే విరిగి, వెన్నుపాము బాగానే ఉన్నవారు ఉంటారు. అలాంటివారిని ప్రేమ కొద్దీ, కంగారు కొద్దీ మనవాళ్లే లేపి కూర్చోబెడతారు. ఒకరు చంకల కింద, ఒకరు కాళ్ల దగ్గర పట్టుకుని మూటలా మోస్తారు. మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి గతుకుల బాటలో తీసుకొస్తారు. విరిగిన పూస ఆ కుదుపులకు కదిలి వెన్నుపామును నలిపేస్తుంది. పడినచోట కాళ్లు ఆడించిన మనిషి ఆసుపత్రి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కాళ్లు కదపలేకపోతే, ఆ కుటుంబానికి ఏమని చెప్పాలి? మోసుకొచ్చిన అన్నదమ్ముల ముఖాలు చూడలేము. వారి తప్పేమీ లేదు, వారికి ఎవరూ చెప్పలేదు. అందుకే ఇప్పుడు చెబుతున్నాము. ఈ భాగం ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

1. పడిన మనిషిని వెంటనే లేపవద్దు. కూర్చోబెట్టవద్దు. నడిపించి చూడవద్దు. "కదలకుండా అలాగే ఉండు, మేమున్నాం" అని ధైర్యం చెప్పండి.

2. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఊరి పేరుతో పాటు చేను ఏ దారిలో ఉందో, ఏ గుడి, ఏ చెరువు దగ్గరో చెప్పండి. ఒకరిని రోడ్డు మీద టార్చితో నిలబెట్టండి.

3. ఒకరు తల దగ్గర కూర్చుని, రెండు చేతులతో తలను కదలకుండా పట్టుకోండి. తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండాలి.

4. కాళ్ల వేళ్లు కదిలించమనండి. ముట్టుకుంటే తెలుస్తోందా అని అడగండి. జవాబు గుర్తుంచుకుని డాక్టరుకు చెప్పండి.

5. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టండి. దుప్పటి కప్పి వెచ్చగా ఉంచండి.

6. కాఫీ, నీళ్లు, సారా ఏదీ తాగించవద్దు. ఆపరేషన్ అవసరమైతే కడుపు ఖాళీగా ఉండాలి. స్పృహ సరిగా లేనివారికి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

7. వాంతి వస్తే తల ఒక్కటే తిప్పవద్దు. ముగ్గురు నలుగురు కలిసి, దుంగను దొర్లించినట్టు ఒంటిని మొత్తం ఒకేసారి పక్కకు తిప్పండి.

8. అంబులెన్సు రాలేని చోటైతే తలుపు రెక్కో, వెడల్పు బల్లో తెప్పించండి. మనిషిని పైన చెప్పినట్టు ఒక్కసారిగా పక్కకు దొర్లించి, బల్లను కిందికి తోసి, మెల్లగా వెల్లకిలా పడుకోబెట్టండి. మెడకు రెండు వైపులా గుడ్డలు మడిచి పెట్టి, నుదురు, ఛాతీ, తొడలు, కాళ్లు బల్లకు కట్టండి. ఛాతీ మీది కట్టు ఊపిరికి అడ్డం కాకూడదు. ట్రాక్టరు ట్రాలీలో గడ్డి పరిచి, బల్లతో సహా నెమ్మదిగా తీసుకురండి. నులక మంచం మధ్యలో కుంగుతుంది, అది వద్దు.

9. తైలం మాలిష్, నాటు కట్టు, నడుము తొక్కించడం, పట్టు సరిచేయించడం వద్దే వద్దు.

చెవి, ముక్కు నుంచి రక్తం లేదా నీరు కారినా, పదేపదే వాంతులైనా, మత్తుగా మాట్లాడినా, ఒక కంటిపాప రెండోదానికంటే పెద్దగా కనిపించినా తలకు లోపల దెబ్బ తగిలిందని అనుమానించాలి. మూత్రంలో రక్తం, పొట్ట ఉబ్బరం, మూత్రం రాకపోవడం ఉంటే తెల్లవారేదాకా ఆగవద్దు.

మంచె కట్టేటప్పుడు

కొత్త గుంజలు వాడండి. నిరుటి గుంజలైతే పీకి, మట్టిలో ఉండే భాగాన్ని గడ్డపారతో పొడిచి చూడండి. గుంజ కనీసం రెండున్నర, మూడు అడుగుల లోతున పాతి, చుట్టూ రాళ్లు వేసి దిమ్మిస కొట్టండి. నాలుగు వైపులా గుంజల మధ్య ఏటవాలు కర్రలు అడ్డంగా కట్టండి. గుంజలు ఎంత లావుగా ఉన్నా, ఈ ఏటవాలు కర్రలు లేకపోతే మంచె పక్కకు ఒరుగుతుంది.

ఎత్తు అవసరానికి మించి వద్దు. పంట మీదుగా చూపు పోతే చాలు. ఏనుగులు తిరిగే చిత్తూరు, మన్యం ప్రాంతాల్లో మాత్రం మంచెను నమ్ముకోవద్దు, ఏనుగు దాన్ని సులువుగా కూలుస్తుంది. అక్కడ అటవీ శాఖ వారి సలహా తీసుకోండి.

మంచె చుట్టూ మూడడుగుల ఎత్తున ఒక అడ్డకర్ర, దాని కింద మరో రెండు కర్రలు కట్టండి. పడుకున్న మనిషి వాటి సందులోంచి జారకూడదు. ఎక్కే చోట కూడా రాత్రి అడ్డం పెట్టుకునేలా ఒక కర్ర ఉండాలి. ఈ పనికి కాస్త వెదురు, గంట సమయం చాలు. మేము చెప్పేవాటిలో ఒక్కటే చేయగలిగితే ఇది చేయండి.

నిచ్చెన మంచె కంటే మూడడుగులు పైకి ఉండాలి, దిగేటప్పుడు పట్టుకోవడానికి. పన్నెండు అడుగుల ఎత్తుకు నిచ్చెన పాదం మూడడుగులు దూరంగా ఉండాలి. పైన మంచెకు గట్టిగా కట్టాలి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు నిచ్చెన వైపే ముఖం పెట్టి, రెండు చేతులు, ఒక కాలు, లేదా రెండు కాళ్లు, ఒక చెయ్యి ఎప్పుడూ ఆని ఉండేలా చూసుకోండి.

కట్లు ఏటా కొత్త తాడుతో వేయండి. నెలకొకసారి, పెద్ద వాన తరువాత మరొకసారి బిగించండి. మంచె కింద నాలుగు వైపులా రాళ్లు, మోళ్లు తీసేసి, ఎండుగడ్డి పరవండి. మంట మాత్రం దానికి దూరంగా పెట్టుకోండి.

చెట్టు మీదే ఉండక తప్పనివారు ఐ.ఎస్. 3521 ముద్ర ఉన్న ఒంటినిండా పట్టీ కొనుక్కోండి. భవన నిర్మాణ సామగ్రి అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. దాన్ని వాడే విధానం ముందు నేల మీద నేర్చుకోండి. పట్టీలో వేలాడుతూ ఎక్కువసేపు ఉంటే కాళ్లలో రక్తం నిలిచి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. కాళ్లు కదుపుతూ ఉండాలి, త్వరగా దించాలి. అందుకే ఒంటరిగా కాపలా వద్దు. పక్క చేను వారితో గంటకొకసారి కేక వేసుకునే ఏర్పాటు పెట్టుకోండి. ఫోను ఛార్జి చూసుకుని వెళ్లండి, దాన్ని జేబులోనే ఉంచుకోండి.

నడుము పడిపోయినా బతుకు ఆగదు

ఇప్పటికే ఈ కష్టం వచ్చిన ఇళ్లకు కూడా ఒక మాట. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని, రెండు కాళ్లు కోల్పోయినట్టయ్యారు. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. తరువాత పునరావాస వైద్యంలో శిక్షణ పొంది వచ్చి, వేలూరులో ఆ విభాగాన్ని నడిపించారు. అక్కడి పునరావాస కేంద్రం 1966లో ప్రారంభమైంది. 1972లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. చెట్ల మీద నుంచి, మంచెల మీద నుంచి పడినవారికి ఈనాడు మనం నేర్పే చాలా పనులు అటువంటి కేంద్రాల నుంచి వచ్చినవే.

ఇంట్లో చూసుకునేవారు మూడు సంగతులు మరవకండి. మొదటిది పుండ్లు. స్పర్శ లేని చోట ఒత్తిడి తెలియదు. మంచం మీద ఉన్నవారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. పిరుదులు, తుంటి, మడమలు రోజూ చూడాలి. ఎర్రని మచ్చ కనిపించి, నొక్కినా తెల్లబడకపోతే ఆ పక్క మీద మళ్లీ పడుకోబెట్టకూడదు. రెండోది మూత్రం. నేర్పిన పద్ధతిలో, చేతులు సబ్బుతో కడుక్కుని, వేళకు సన్నని గొట్టంతో తీయాలి. అశ్రద్ధ చేస్తే కిడ్నీలు పాడవుతాయి. మూడోది వేడి. కాళ్లకు వేడినీళ్ల సంచి, నిప్పుల కాపడం పెట్టవద్దు. కాలినా వారికి తెలియదు.

నాలుగోది కూడా ఉంది, అది మందులకు లొంగదు. "నేను ఇంటికి భారమయ్యాను" అన్న దిగులు. ఆ మనిషితో ఇంటి లెక్కలు, పంట ధరలు, పిల్లల చదువులు మాట్లాడండి. నిర్ణయాల్లో కలుపుకోండి. కూర్చుని చేసే పని ఏదైనా నేర్పించండి. వికలాంగ ధ్రువపత్రం, పింఛను కోసం వైద్యుల కాగితాలు జాగ్రత్త చేయండి. పొరుగువారు వారానికొకసారి వెళ్లి గంటసేపు కూర్చుంటే, ఆ ఇంటి ఆడవారికి కాస్త బయటికి వెళ్లివచ్చే వీలు కలుగుతుంది.

ఈ వారమే మీ చేనికి వెళ్లినప్పుడు ఎక్కే ముందు ఒక్క నిమిషం ఆగండి. గుంజ మొదట్లో కాలితో తన్ని చూడండి. కట్టు పట్టుకుని ఊపి చూడండి. అడ్డకర్ర లేకపోతే కట్టాకే దుప్పటి పైకి విసరండి. పంట పోతే మరో కారు వేసుకోవచ్చు, నడుము మాత్రం మనకు ఒక్కటే.